మీ నాన్నది ఏ ఊరు

జడ వేసేటప్పుడు తప్ప సోనాలి ఒక్కచోట కుదురుగా కూర్చోదు. జుట్టు అమ్మ చేతిలో ఉంటుంది కాబట్టి లేచి పారిపోయే వీలుండదు. అందుకే స్వర్ణ ఆ పాఠానికి ఆ వేళనే ఎంచుకుంది.

"మీ నాన్నది ఏ ఊరు?"

"జువ్వలదిన్నె."

"ఏం పని చేస్తాడు?"

"ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు."

"మీ నాన్న హిందీవాడంట గదా?"

ఇక్కడ సోనాలి ఎప్పుడూ ఒక్క క్షణం తడబడేది. మొదట్లో "కాదు, బోడో" అనేసేది. అలా అన్నప్పుడల్లా స్వర్ణ జుట్టు కాస్త గట్టిగా లాగేది. ఇప్పుడు తడబాటు పోయింది.

"నేను చిన్నపోలయ్య మనవరాల్ని."

"ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే?"

"మాట్లాడగూడదు. నీ నంబరు చెప్పాల."

"రోడ్డు మీద?"

"ఆఫా చెయ్యి పట్టుకోగూడదు. ముందు నడవాల. ఆఫా అని పిలవగూడదు."

"నా బంగారుకొండ" అని స్వర్ణ రిబ్బను ముడివేసి, పిల్ల నడినెత్తిన ముద్దుపెట్టుకునేది. రెండో తరగతి పిల్ల ఎక్కాలు తప్పు చెప్పినా ఊరుకునేది కానీ ఇది తప్పు చెబితే ఊరుకునేది కాదు. ఇందులో అబద్ధం ఏముందని ఆమె వాదన. ఆమె భర్త బిరేన్ జువ్వలదిన్నె హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేయడం నిజం. వారమంతా అక్కడే ఉండి ఆదివారం ఇంటికి రావడం నిజం. సోనాలి చిన్నపోలయ్య మనవరాలు కావడం అంతకంటే నిజం. నిజాల్ని వరసగా పేర్చి వాటి వెనక మనిషిని దాచెయ్యవచ్చని స్వర్ణకు ఎవరూ నేర్పలేదు, సొంతంగా కనిపెట్టుకుంది.

దాచాల్సిన మనిషి చెడ్డవాడా అంటే, కాదు. అస్సాంలో ఎక్కడో కొండల కింద బోడోల పల్లె అతనిది. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల కంపెనీలో కంప్రెసర్లు చూడడానికి వచ్చాడు. అప్పట్లో స్వర్ణ అక్కడే రొయ్యలు ఒలిచేది. చలిగదిలోంచి బయటకు వచ్చినప్పుడల్లా చేతులు కొంకర్లు పోతుంటే, ఈ చిన్నకళ్ళ మనిషి మాటా పలుకూ లేకుండా వేణ్ణీళ్ళ బకెట్టు తెచ్చి ముందు పెట్టి వెళ్ళేవాడు. ఆ వేణ్ణీళ్ళకే ఆమె పడిపోయింది. చిన్నపోలయ్య మొదట ఎగిరిపడ్డాడు, పడవ మీద ఒట్టేసి కూతురి ముఖం చూడనన్నాడు. మనవరాలు పుట్టిన రోజున ఒట్టు గట్టున పెట్టి వచ్చాడు. బిరేన్ అన్న పేరు నోరు తిరగక వీరన్న అని పిలుచుకున్నాడు. తోటివాళ్ళు అడిగితే మాత్రం "మా అల్లుడు మెకానిక్కు" అనేవాడే తప్ప ఏ దేశంవాడో చెప్పేవాడు కాదు. ఆ దాపరికం కూతురికి తండ్రి నుంచే వచ్చిందేమో.

పిల్ల పేరు పెట్టింది బిరేనే. భార్యతో "నీ పేరు బంగారం. సోనాలి అన్నా బంగారమే" అన్నాడు. పిల్ల రంగు, ముక్కు, కళ్ళు అన్నీ తల్లివే. ఆ సంగతి తలుచుకుని స్వర్ణ లోలోపల ఎంత సంతోషించిందో ఆమెకే తెలుసు. సంతోషించినందుకు సిగ్గుపడింది కూడా. కరోనా రోజుల్లో పిల్లని ఎత్తుకుని ఇద్దరూ నెల్లూరు బస్సు ఎక్కితే, "ఆ చైనావాణ్ణి దింపితేగానీ బండి కదలదు" అని బస్సంతా లేచింది. బిరేన్ చిన్నగా నవ్వి, తనే దిగి, మండుటెండలో నడిచి వచ్చాడు. నవ్వకుండా ఉంటే బాగుండేదని ఆమెకి ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత పోయిన ఏడాది బడిలో ఎవడో సోనాలిని "గూర్ఖా కూతురా, రాత్రికి విజిలెయ్యి" అన్నాడు. పిల్ల ఇంటికొచ్చి, గూర్ఖా అంటే ఏందమ్మా అని అడిగింది. ఆ మర్నాటి నుంచి జడపాఠం మొదలైంది.

బిరేన్‌కి ఈ పాఠం సంగతి తెలియదు. అతని పాఠం వేరు. ఆదివారం పూట పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అన్నాన్ని ఏమంటారు, నీళ్ళని ఏమంటారు అని తన భాష నేర్పేవాడు. నాన్నని ఆఫా అనడం అలా వచ్చిందే. గడప లోపల ఆఫా, గడప దాటితే ఎవరూ కాదు. ముగ్గురూ కలిసి బయటికి వెళ్తే పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని ముందు నడిచేది, అతను సంచీ మోస్తూ వెనక వచ్చేవాడు. పిల్లలు అమ్మనే పట్టుకుంటారులే అని అతను అనుకునేవాడు.

ఇక చిన్నపోలయ్య మనవరాల్ని అనే జవాబు సంగతి. స్వర్ణ పుట్టిన పల్లెలో పెద్దవల లాగి ఒడ్డున పడేశాక, తాడు పట్టిన ప్రతి ఇంటికీ కూరకి చేపలు వేస్తారు. పెద్దవాళ్ళు వల దులుపుతూ ఉంటే పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడతారు. చేపలు వేసేవాడు తలెత్తి చూడడు. "ఎవరు బిడ్డా?" అంటాడు. పిల్ల తాత పేరు చెప్పాలి. తండ్రి పేరు చెబితే పక్కకు నెడతారు, ఎందుకంటే వలలో వంతు తాత పేరు మీదే నడుస్తుంది. స్వర్ణ అలాగే చేపలు తెచ్చుకుంది. సెలవుల్లో సోనాలి కూడా గిన్నె పట్టుకుని వెళ్ళి తాత పేరు చెప్పి, కవళ్ళు, కానాగంతలు నిండుగా తెచ్చుకునేది. తండ్రి ఎవరని అక్కడ ఒక్కరూ అడగలేదు. అంత మంచి జవాబు ఇంకెక్కడ దొరుకుతుంది? ఒడ్డున చెల్లిన మాట రోడ్డు మీదా చెల్లుతుందనుకుంది స్వర్ణ. అక్కడే పొరబడింది.

ఆ వారం ఊరంతా ఒకటే గోల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందట. హిందీ మాట్లాడతారట, చాక్లెట్లు ఇస్తారట, భుజాన సంచీ ఉంటుందట. ఎక్కడ, ఎవరి పిల్లని ఎత్తుకుపోయారు అంటే ఎవరికీ తెలియదు. అయినా ఫోన్లో ఎవరిదో ఏడుపు గొంతు ఊరూరా తిరిగింది. కంపెనీలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళదీ అదే మాట. అక్కడే పక్క బల్ల దగ్గర ఒడిశా పిల్లలు, జార్ఖండ్ పిల్లలు తలలు వంచుకుని పని చేస్తుంటే, వీళ్ళు కావాలని తెలుగులో గట్టిగా అనేవాళ్ళు. ఇప్పుడు సూపర్‌వైజర్ అయిన స్వర్ణ ఎవరినీ వారించలేదు. వారించకపోగా ఆ ఏడుపు గొంతుని తనూ నలుగురికి పంపింది, జాగ్రత్తగా ఉండండని. ఆమె లెక్కలో హిందీవాళ్ళంటే హిందీవాళ్ళు, బిరేన్ అంటే బిరేన్. రెండూ ఒకటేనని ఆమెకి తట్టనే లేదు.

తట్టకపోయినా భయం మాత్రం పట్టుకుంది. రోజూ బడి నుంచి పిల్లని ఇంటికి తెచ్చే ఆటో అబ్బాయికి పదే పదే చెప్పింది. పిల్లకీ చెప్పింది. "ఎవరన్నా నాతో రా అంటే గట్టిగా అరువు. పోబాక."

శుక్రవారం సాయంత్రం షిఫ్టు అయిపోయి, స్వర్ణ గమ్‌బూట్లు విప్పి, తలకి కట్టిన టోపీ తీసి, చేతులు కడుక్కుంది. ఫోన్లు లోపలికి తీసుకువెళ్ళనివ్వరు, బయట అరల్లో పెట్టాలి. అర తెరిచేసరికి ఫోను మోగుతూ ఉంది. తెలియని నంబరు.

"అమ్మా, స్వర్ణవేనా? చిన్నపోలయ్య కూతురివేనా?"

"అవును. ఎవరు?"

"నేనమ్మా, గంగులయ్యని. మీ నాయన పడవలో వేటకి పోయినోణ్ణి. ఇప్పుడు ఈడ మైపాడు రోడ్డులో చేపల ఆటో నడుపుకుంటా ఉండా. అమ్మా, నువ్వు బయపడబాక. నీ బిడ్డ నా కాడనే ఉండాది. ఒక హిందీవోడు లాక్కొని పోతా ఉంటే పట్టుకున్నాం."

స్వర్ణ ఫోను రెండు చేతులతో చెవికి అదుముకుంది.

"నా బిడ్డకేమీ కాలేదు గదా మామా? దెబ్బలేం తగల్లేదు గదా?"

"ఏం కాలా. ఎవరు బిడ్డా అంటే చిన్నపోలయ్య మనవరాల్నని టక్కున చెప్పింది తల్లి. అది వినంగానే నా ఒళ్ళు మండిపోయిందనుకో. మనోళ్ళ బిడ్డ మీదనే చెయ్యేస్తాడా? మెళ్ళో బడి కార్డు మీద నీ నంబరుంటే చేస్తా ఉండా. వోడు ఏందేందో కూస్తా ఉండాడు. పోలీసోళ్ళని పిలిచేదా, వొదిలేసేదా?"

గంగులయ్య మాటల వెనక జనం గోల. ఆ గోలలోంచి ఒక మగవాడి కేక. మాట అర్థం కాలేదు, మధ్యలోనే ఎవరో నోరు నొక్కినట్టు తెగిపోయింది. ఎత్తుకుపోయేవాడి గొంతు ఇంత దగ్గరగా వినబడేసరికి స్వర్ణకి భయం కాస్తా కోపమైంది. ఎన్నాళ్ళుగానో లోపల కుక్కి పెట్టుకున్నదంతా ఒక్కసారిగా నోట్లోకి వచ్చింది.

"వదలబాక మామా! వదలబాకండి వోణ్ణి! నాలుగు తగిలించండి. కాళ్ళు ఇరగ్గొట్టండి. నేను వస్తా ఉండా."

ఫోను పెట్టేసి స్కూటీ తీసింది. అది రెండుసార్లు మొరాయించి మూడోసారికి అందుకుంది. గేటు దాటి రోడ్డెక్కాక గానీ బిరేన్‌కి చెప్పాలన్న సంగతి గుర్తు రాలేదు. బండి పక్కకి ఆపి అతనికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఈసారి స్విచాఫ్.

కంప్రెసర్ దగ్గర ఉన్నాడేమో, ఆ చప్పుడులో వినబడదు అనుకుంది. కానీ మోగుతున్న ఫోను మధ్యలో ఎందుకు ఆగిపోతుంది? చార్జింగ్ అయిపోయిందేమో. అతను ఎప్పుడూ చార్జింగ్ లేకుండా ఉంచడే. చూద్దామని మెసేజీలు తీసింది. మధ్యాహ్నం వచ్చింది ఒకటి ఉంది. అతని తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో. ఐసు ఫ్యాక్టరీలో మోటారు కాలిపోయింది, రిపేరుకి పంపారు, రెండు రోజులు పడుతుంది, బస్సులో వచ్చేస్తున్నా, పాపని నేనే తీసుకొస్తా, ఆటో అబ్బాయికి చెప్పాను.

స్వర్ణ ఆ మెసేజీని రెండోసారి చదవలేదు. చదవాల్సిన పని లేకపోయింది. ఫోన్లో తెగిపోయిన ఆ కేక ఇప్పుడు చెవుల్లో మళ్ళీ మోగింది, ఈసారి మాటతో సహా. అది ఆమె పేరు. "స్వర్ణా" అని బిరేన్ తప్ప ఎవరూ అలా చివర దీర్ఘం తీసి పిలవరు.

"అయ్యో దేవుడా" అని రోడ్డు మీదే అరిచింది. గంగులయ్య నంబరుకి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎవరు ఎత్తుతారు, ఆమె పెట్టిన పనిలో ఉన్నారు గదా అందరూ! ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో ఫోను, రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద ఆమె బండి ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. ఎదురుగా వచ్చిన రొయ్యల మేత లారీ హారను కొడుతూ పక్కకి తప్పుకుంది. డ్రైవరు బూతులు తిట్టాడు. కాళ్ళు ఇరగ్గొట్టండి అంది తను. కాళ్ళు. తలకి తగిలితే? ఆ మధ్య ఎక్కడో ఇలాగే కొడితే మనిషి చచ్చిపోయాడని ఫోన్లో చూసింది కూడా. చూసి, అయ్యో పాపం అని పక్కకి తోసేసింది. మామా ఎత్తు మామా, ఒక్కసారి ఎత్తు. వదలబాకండి అని తనే అంది. వదిలెయ్యండి అని చెప్పడానికి ఒక్కడూ ఫోను ఎత్తడం లేదు.

మైపాడు రోడ్డు మలుపులో, మూసేసిన ఒక షెడ్డు ముందు జనం కనిపించారు. బండి స్టాండు వెయ్యకుండానే వదిలేసింది, అది పడిపోయింది.

"తప్పుకోండి! తప్పుకోండి!"

"పిల్ల తల్లి వచ్చింది, దారియ్యండ్రా" అన్నారెవరో, ఎంతో మర్యాదగా.

బిరేన్‌ని షెడ్డు స్తంభానికి నైలాన్ తాడుతో కట్టారు. చొక్కా చిరిగిపోయి ఉంది. కనుబొమ పగిలి ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. పెదవి వాచిపోయింది. కాళ్ళ దగ్గర అతని సంచీ గుమ్మరించి ఉంది. రెండు చొక్కాలు, స్పానర్లు, ఎవరో ఆపేసిన అతని ఫోను, పిల్లకి కొన్న చాక్లెట్లు, అస్సాం అడ్రసున్న ఆధార్ కార్డు. అదంతా నేరం రుజువైనట్టు నేల మీద పరిచి పెట్టారు.

మూసుకుపోని కంటితో అతను ఆమెని చూశాడు. చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు.

"నా మొగుడు" అంది స్వర్ణ. ఎవరికీ వినబడలేదు. "నా మొగుడు! నా బిడ్డకి తండ్రి! విప్పండి! మీ చేతులు పడిపోను, విప్పండి ముందు!"

గోల ఆగిపోయింది. అంతసేపూ ఉన్న శౌర్యం ఎటు పోయిందో, ముందు వరసలో ఉన్న కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. ఫోన్లో వీడియో తీస్తున్నవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. స్వర్ణ తాడు ముడి గోళ్ళతో లాగుతోంది. తడిసి బిగుసుకున్న ముడి, ఆమెకి రావడం లేదు. గంగులయ్యే వచ్చి చేపల కత్తితో కోశాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నాకేం తెలుసమ్మా" అన్నాడు. "మీ నాయన ఏనాడన్నా చెప్పినాడా? ఈ అబ్బయ్య రోడ్డు దాటేటప్పుడు బిడ్డ చెయ్యి పట్టుకుంటే, బిడ్డ ఇదిలించుకొని ముందుకి ఉరికింది. లారీ వస్తా ఉందని మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ ఇదిలించుకున్నది. ఎవరైనా ఏమనుకుంటారు, నువ్వే చెప్పు. ఈయన మీ నాయనా అని బిడ్డని ఎన్నిసార్లు అడిగినామో. నోరు ఇప్పలా. ఆ అబ్బయ్యకేమో కంగార్లో తెలుగు రాలా, అంతా హిందీనే వచ్చింది. అయినా గూడా నేను ఊరికే కట్టిపెట్టి ఉంచినా తల్లీ, ఎవరినీ చెయ్యెయ్యనియ్యలా. నువ్వు చెప్పినాకనే గదా..."

"మామా."

"ఫోను స్పీకర్లో పెట్టినా. అందరూ ఇన్నారు నువ్వు అన్నది."

అందరూ అంటే అందరూ. స్తంభానికి కట్టి ఉన్నవాడు కూడా. స్వర్ణ బిరేన్ వైపు చూడలేకపోయింది. అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని లేపుతుంటే, అతను బరువంతా ఆమె మీద వెయ్యకుండా, స్తంభం పట్టుకుని తనంతట తనే లేచాడు.

పోలీసు రిపోర్టు ఇవ్వమని ఎవరో పెద్దమనిషి సలహా చెప్పాడు. ఇస్తే ఎవరి మీద ఇవ్వాలి? కొట్టినవాళ్ళ పేర్లు రాసే ముందు కొట్టమన్నదాని పేరు రాయాలి.

సోనాలి గంగులయ్య ఆటోలో, ఖాళీ చేపల ట్రేల మధ్య కూర్చుని ఉంది. ఎవరో కూల్‌డ్రింకు కొనిచ్చారు, అది తాగలేదు. తల్లిని చూసి ఏడవలేదు. పరిగెత్తుకుని రాలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చుంది. గంగులయ్య ముగ్గురినీ ఆటోలో ఎక్కించుకుని ఆర్‌ఎంపీ జకరయ్య దగ్గరికి బయలుదేరాడు. బిరేన్ ఒక పక్క, స్వర్ణ ఒక పక్క, మధ్యలో పిల్ల.

కొంతదూరం పోయాక సోనాలి తల్లి చెవి దగ్గరికి వచ్చింది. గుసగుసే, కానీ ఆటోలో అందరికీ వినబడింది.

"అమ్మా, నేను చెప్పలా. ఎంతమంది అడిగినా చెప్పలా. ఒకాయన చాక్లెట్ ఇస్తానన్నాడు, అయినా చెప్పలా. ఆఫాని కొడతా ఉన్నా ఆఫా అని పిలవలా. ఏడుపు వచ్చింది గానీ పిలవలా. నువ్వు చెప్పినట్టే చేసినా గదా?"

ముఖం చూస్తే మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తోంది. స్వర్ణకి ఆ పిల్లని గట్టిగా పట్టుకుని ఏడవాలనుంది. నేనే నేర్పినాను, తప్పు నాది, నీది కాదు అని అరవాలనుంది. పక్కన అతను వింటున్నాడు. ఇన్నాళ్ళుగా ముందు నడిచే పిల్లని, వెనక సంచీ మోసే తనని, గడప దాటగానే మాయమైపోయే పిలుపుని అతను ఇప్పుడు ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకుంటూ ఉండాలి. ఆమెకి అలా అనిపించింది. అతను తిడితే బాగుండు. ఒక్క మాట అంటే బాగుండు.

బిరేన్ వాచిన పెదవితో, కష్టం మీద, పిల్లతో అన్నాడు. "మంచిగా చేసినావు. అమ్మ చెప్పింది వినాల."

సోనాలి ముఖం విప్పారింది. స్వర్ణ ఆటో బద్దీ పట్టుకుని బయటికి చూస్తూ, "నేను భయపడినా బిరేన్" అంది. "బిడ్డని ఏమన్నా అంటారని భయపడినా. నిన్ను ఏమన్నా అంటారని అనుకోలా."

"తెలుసు" అన్నాడు. "ఫోన్లో నీ గొంతు విని, ఇంక భయం లేదు అనుకున్నా" అన్నాడు.

జకరయ్య ఇంటి ముందుగదే ఆసుపత్రి. వీధి వాకిలి తెరిచే ఉంటుంది, దారిన పోయేవాళ్ళకి లోపలి బల్ల కనబడుతుంది. కనుబొమకి కుట్లు పడాలన్నాడు. బిరేన్‌ని బల్ల మీద పడుకోబెట్టి, దూది తడిపి రక్తం తుడుస్తూ, గోడకి ఆనుకుని బిక్కచచ్చి నిలబడ్డ పిల్లని చూశాడు. పెద్దాయన పిల్లల్ని మాటల్లో పెట్టే రకం.

"ఇట్రా పాపా. ఈయన చెయ్యి పట్టుకుంటావా? నువ్వు పట్టుకుంటే నొప్పి తెలవదు. ఈయన నీకేమవుతాడు?"

సోనాలి తల్లి ముఖంలోకి చూసింది.

"చెప్పమ్మా" అంది స్వర్ణ. కన్నీళ్ళు ఆగడం లేదు. "చెప్పు తల్లీ, ఏమీ కాదు. గట్టిగా చెప్పు. ఇంక ఎవరడిగినా చెప్పొచ్చు. నాన్నని నాన్నా అనే పిలవచ్చు, ఆఫా అనైనా పిలవచ్చు. పో, చెయ్యి పట్టుకో."

పిల్ల కదిలింది. బల్ల దగ్గరికి కాదు, వాకిలి దగ్గరికి. తల బయటపెట్టి వీధిలో అటు చూసింది, ఇటు చూసింది. ఆటో పక్కన తలవంచుకుని కూర్చున్న గంగులయ్యని కూడా చూసింది. రెండు చేతులతో తలుపు రెక్కలు లాగి దగ్గరగా వేసింది. గడియ అందలేదు, మునివేళ్ళ మీద లేచి దాన్ని కూడా పెట్టింది. అప్పుడు వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"మా నాన్న" అంది, జకరయ్యకి మాత్రమే వినబడేటట్టు.

జకరయ్య సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, గదిలో చీకటైంది, ఆ లైటు వెయ్యమ్మా అన్నాడు. స్వర్ణ లేచి లైటు వేసింది. తలుపు తియ్యడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.